కృష్ణకు ఈ ఒడ్డు, ఆ ఒడ్డు: తెలంగాణ, కర్ణాటక జీవన ప్రమాణాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు ఉన్నవాళ్ళకు రాయచూరు పరాయి రాష్ట్రంలా తోచదు, పక్క ఊరిలాగే ఉంటుంది. సంబంధం కలుపుకునేటప్పుడు, పత్తి లోడు ఎటు తోలాలో తేల్చుకునేటప్పుడు, పిల్లను ఇంటర్‌కు ఎక్కడ చేర్పించాలో ఆలోచించేటప్పుడు "ఇటు మేలా, అటు మేలా" అన్న ప్రశ్న వస్తూనే ఉంటుంది. పాత పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల వారు ఎక్కువగా అడిగే అటువంటి ప్రశ్నలకు సమాధానాలు ఇవి. పథకాల మొత్తాలన్నీ 2025 సంవత్సరం నాటివని గమనించగలరు.

పోలికకు కర్ణాటకను ఎందుకు తీసుకున్నారు? ఆంధ్రప్రదేశ్‌ను తీసుకోవచ్చు కదా?

ఆంధ్రప్రదేశ్‌తో పోలిక నిత్యం జరుగుతున్నదే, అందులో లెక్కల కన్నా పాత తగాదాల పాలు ఎక్కువ. కర్ణాటక విషయంలో ఆ వేడి లేదు కాబట్టి నిదానంగా మాట్లాడుకోవచ్చు. అంతకన్నా ముఖ్యమైన కారణం చరిత్రలో ఉంది. 1956 నవంబర్ 1 వరకు మహబూబ్‌నగర్, నల్లగొండ, రాయచూరు, గుల్బర్గా, బీదర్ జిల్లాలన్నీ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. భాషను బట్టి రాష్ట్రాలు విడిపోయినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి, మహబూబ్‌నగర్ ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. అప్పటిదాకా రెండింటికీ ఒకే ప్రభుత్వం, ఒకే రెవెన్యూ పద్ధతి, ఇంచుమించు ఒకే రకమైన కరువు. ఒకే చోట బయలుదేరిన రెండు ప్రాంతాలు వేర్వేరు రాజధానుల కింద ఏడు దశాబ్దాలు నడిచాక ఎక్కడికి చేరాయో చూడటానికి ఇంతకన్నా మంచి జత దొరకడం కష్టం.

నేల కూడా ఒకటే. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని మనం నడిగడ్డ అంటాం. అదే దోఆబ్ పడమటికి సాగి రాయచూరు జిల్లా అవుతుంది. గట్టు మండలంలో సరిహద్దు దాటేటప్పుడు నది కూడా అడ్డం రాదు, బోర్డు మీద లిపి మారితే రాష్ట్రం మారిందని తెలుస్తుంది.

మొత్తం మీద ఏ రాష్ట్రంలో జీవన ప్రమాణం మెరుగు?

ఏ కొలత పట్టుకుంటే ఆ జవాబు వస్తుంది. తలసరి ఆదాయంలో రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలోనే ఉన్నాయి, 2023-24లో రెండూ 3 లక్షల రూపాయలు దాటాయి. ఆరోగ్యం, చదువు, బతుకు వసతులను కలిపి కొలిచే బహుముఖ పేదరిక సూచీని నీతి ఆయోగ్ 2023లో విడుదల చేసింది, దాని ప్రకారం పేదల శాతం తెలంగాణలో 5.88, కర్ణాటకలో 7.58. ప్రసూతి మరణాలలో తెలంగాణ స్పష్టంగా మెరుగు: 2018-20 లెక్కల్లో లక్ష ప్రసవాలకు ఇక్కడ 43, అక్కడ 69. శిశు మరణాలకు వచ్చేసరికి 2020లో వెయ్యి జననాలకు కర్ణాటకలో 19, తెలంగాణలో 21, అంటే కర్ణాటక కాస్త ముందుంది. అక్షరాస్యతలో మాత్రం కర్ణాటక చాలా ముందుంది. 2011 జనగణనలో అక్కడ 75.36 శాతం ఉండగా, తెలంగాణ ప్రాంతంలో 66.54 శాతమే ఉంది.

ఈ అంకెలు చదివి ఎవరికి నచ్చిన అంకెను వారు ఏరుకుని వాదించుకోవచ్చు, వాదించుకుంటూనే ఉన్నారు. అయితే మక్తల్‌లో ఉన్న కుటుంబానికి ఇవేవీ నేరుగా పనికిరావు. ఆ సంగతి తరువాతి ప్రశ్నలో ఉంది.

రాష్ట్ర సగటు చూసి నిర్ణయం తీసుకుంటే తప్పేముంది?

అక్షరాస్యతనే తీసుకుందాం. రాష్ట్రాల మధ్య తేడా దాదాపు 9 శాతం పాయింట్లు. అది చూసి అవతల చదువు బాగుందని ఎవరైనా అనుకుంటారు. ఇప్పుడు జిల్లాలను పక్కపక్కన పెట్టండి. 2011లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. సరిహద్దు అవతల రాయచూరు 59.56 శాతం, యాదగిరి 51.83 శాతం. మన జిల్లా ఆ రెండింటి మధ్యన పడింది. మరి కర్ణాటక సగటు అంత ఎత్తున ఎందుకుంది అంటే, మంగళూరు ఉన్న దక్షిణ కన్నడ జిల్లాలో 88 శాతం పైచిలుకు ఉండబట్టి, బెంగళూరు ఉండబట్టి. ఆ చదువు రాయచూరు పల్లెదాకా నడిచి రాలేదు.

ఆదాయమూ అంతే. కర్ణాటక మొత్తం ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఒక్క బెంగళూరు నగర జిల్లాదే. తెలంగాణలో తలసరి ఉత్పత్తిలో మొదటి స్థానం రంగారెడ్డి జిల్లాది. దాని పక్కనే, మన పాత కొడంగల్ కలిసిన వికారాబాద్ జిల్లా చివరి వరుసలో ఉంటుంది. ఐటీ కంపెనీ జీతాన్ని, కంది చేను రాబడిని కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరి బతుకునూ చెప్పదు.

కర్ణాటక ప్రభుత్వానికి ఈ అసమానత తెలియనిది కాదు. ప్రాంతీయ అసమానతలపై నంజుండప్ప కమిటీ 2002లో ఇచ్చిన నివేదిక 114 తాలూకాలను వెనుకబడినవిగా గుర్తించింది, వాటిలో అత్యంత వెనుకబడినవి ఎక్కువగా పాత హైదరాబాద్ కర్ణాటకలోనే (రాయచూరు, గుల్బర్గా, బీదర్ వైపు ప్రాంతం) ఉన్నాయి. ఆ ప్రాంతానికి 2019లో కల్యాణ కర్ణాటక అని పేరు మార్చారు. పేరు మారినంత వేగంగా పరిస్థితి మారలేదని రాయచూరు వాళ్ళే అంటారు.

కాబట్టి పోల్చేటప్పుడు నారాయణపేటను రాయచూరుతోనో యాదగిరితోనో, గద్వాలను రాయచూరు జిల్లాలోని మాన్వితోనో పోల్చాలి. హైదరాబాద్‌ను బెంగళూరుతో పోల్చడం వేరే లెక్క, అది ఆ నగరాలలో బతకబోయేవారికే అవసరం. జిల్లా లెక్కలు తీసుకునేటప్పుడు ఇంకొక జాగ్రత్త కూడా ఉండాలి. 2011 తరువాత జనగణన జరగలేదు, ఆనాటికి మహబూబ్‌నగర్ ఒకే జిల్లా. 2016 అక్టోబర్ 11న అది చీలి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. పాత అంకెను కొత్త జిల్లాకు అంటగట్టి చూపించే పట్టికలు చాలా తిరుగుతున్నాయి, వాటిని నమ్మకండి.

రాజధాని దూరం కూడా లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. నా అభిప్రాయంలో అన్ని పట్టికలూ వదిలేసే ముఖ్యమైన అంశం ఇదే. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. రాయచూరు నుంచి బెంగళూరు సుమారు 400 కిలోమీటర్లు, హైదరాబాద్ దానిలో దాదాపు సగం. అందుకే పెద్ద జబ్బు వస్తే రాయచూరు మనిషి కూడా హైదరాబాద్ బస్సే ఎక్కుతాడు. సెక్రటేరియట్‌లో పని పడితే మాత్రం రాత్రంతా ప్రయాణం చేసి బెంగళూరు పోవాలి. 2023 అక్టోబర్‌లో కృష్ణా స్టేషన్ మీదుగా కాచిగూడ, రాయచూరు మధ్య రైలు మొదలయ్యాక మక్తల్, జక్లేర్, కృష్ణా వైపు ఊళ్ళకు ఈ దూరం ఇంకా తగ్గింది. పాలన హైదరాబాద్‌లో, ఆసుపత్రి హైదరాబాద్‌లో, పిల్లల కొలువు హైదరాబాద్‌లో ఉండటం తెలంగాణ ఒడ్డున ఉన్నవారికి దక్కిన పెద్ద సౌకర్యం.

రైతుకు ఏ వైపు మేలు?

పట్టా భూమి ఉన్న రైతుకు తెలంగాణ వైపు మేలని చెప్పడానికి సందేహించనక్కరలేదు. 2018లో ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలతో రైతుబంధుగా మొదలైన పెట్టుబడి సాయం తరువాత 5,000 అయి, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6,000 అయింది. ఐదెకరాల రైతుకు రెండు సీజన్లు సక్రమంగా పడితే ఏడాదికి 60,000. "సక్రమంగా పడితే" అన్న మాటను గుర్తుంచుకోవాలి, ఆలస్యమైన సీజన్లూ, పడని సీజన్లూ ఉన్నాయి. రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే రైతు బీమా 2018 ఆగస్టు నుంచి ఉంది. కర్ణాటకలో ఎకరాన్ని బట్టి ఇచ్చే ఇటువంటి సాయం లేదు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 రెండు వైపులా ఒకటే.

కరెంటు సంగతి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ విధానం ఉంది. కర్ణాటకలో పది హార్స్‌పవర్ వరకు మోటార్లకు ఉచితమే కానీ త్రీ ఫేజ్ ఇచ్చేది రోజుకు ఏడు గంటలు. బోరు మీద ఆధారపడిన రైతుకు ఈ తేడా పెద్దది. అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు మోటారు నడవడం వల్ల నీళ్ళు కిందికి పోతున్నాయన్న మాటలోనూ నిజముంది.

నీటి విషయంలో తూకం మారుతుంది. తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు వరి పొలాలు చూసినవారు ఇటు ప్రభుత్వ సాయం ఎంత ఉన్నా అటు కాలువ నీళ్ళే నయమంటారు. ఆ కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు రైతుల క్యాంపులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. మన అలంపురం రైతు కథ వేరు. రాజోలిబండ ఆనకట్ట కర్ణాటకలో ఉంది, కాలువ మొదటి 42 కిలోమీటర్లూ అక్కడే నడుస్తుంది, ఆ తరువాతే మన గడ్డ మీదికి వస్తుంది. మొత్తం 143 కిలోమీటర్ల కాలువ కింద మనకున్న 87,500 ఎకరాల ఆయకట్టు ఏనాడూ పూర్తిగా తడవలేదు. తలకాయ దగ్గరున్నవాడు తాగగా మిగిలినదే తోకకు వస్తుంది. తుమ్మిళ్ళ ఎత్తిపోతల కట్టాల్సి వచ్చింది అందుకే. రాయచూరు చివరి ఆయకట్టు రైతుది కూడా తన కాలువల మీద ఇదే ఫిర్యాదు, కాబట్టి రాష్ట్రం కన్నా కాలువ మీద ఏ చోట ఉన్నామన్నదే తేలుస్తుందని అర్థమవుతుంది.

పంట అమ్ముకోవడానికి ఎటు పోవాలి?

వడ్లయితే ఇటు, పత్తయితే ఆ రోజు పరిస్థితిని బట్టి. 2025-26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. తెలంగాణ ప్రభుత్వం సన్న వడ్లకు దాని మీద 500 బోనస్ ప్రకటించింది. ఊరి దగ్గరే కొనుగోలు కేంద్రం ఉంటుంది. అవతల ఆ బోనస్ లేదు, ప్రభుత్వ కొనుగోళ్ళూ తక్కువ. అందుకే ప్రతి సీజనులో కర్ణాటక వడ్లు ఇటు దొంగచాటుగా వస్తున్నాయని సరిహద్దులో చెక్‌పోస్టులు పెడుతుంటారు.

పత్తి దారి వేరు. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనాలంటే తేమ 12 శాతం దాటకూడదు. నవంబర్ మంచులో ఏరిన పత్తి ఆ లోపు ఉండటం అరుదు. రైతు ట్రాలీతో జిన్నింగ్ మిల్లు ముందు నిలబడితే, మిషను పత్తిలోకి గుచ్చి 15 అని చూపిస్తారు. వెనక్కి తెచ్చి ఎండబెట్టాలంటే మళ్ళీ కిరాయి, మళ్ళీ కూలి, ఈలోగా వాన పడితే రంగు పోతుంది. అప్పుడు గద్వాల, మక్తల్ రైతులు రాయచూరు మార్కెట్‌కు తోలుతారు. అక్కడ తేమ ఎంతున్నా వేలంలో ఏదో ఒక ధర పలుకుతుంది, డబ్బు వెంటనే చేతికి వస్తుంది. కానీ మద్దతు ధర దక్కుతుందని చెప్పలేము. రాయచూరు ధరను సీసీఐ ధరతో పోల్చేవారు కమీషను, హమాలీ, తరుగు పోను చేతికి వచ్చినదాన్ని లెక్కకట్టి పోల్చాలి.

భూమి లేని కూలీకి, కౌలుదారుకు?

పైన చెప్పిన రైతు సాయమంతా పట్టా పాసుబుక్కు ఉన్నవారికే. కౌలుదారుకు రెండు వైపులా దక్కేది దాదాపు ఏమీ లేదు. పైగా తెలంగాణలో భూ యజమానికి సాయం వస్తున్నా కౌలు రేటు దిగిరాలేదు.

కూలీ విషయంలో కర్ణాటకది పైచేయి. 2025-26లో ఉపాధి హామీ రోజు కూలి కర్ణాటకలో 370 రూపాయలు, తెలంగాణలో 307. ఒకే ఎండలో, ఒకే మట్టి పనికి, సరిహద్దు రాయికి అటూ ఇటూ 63 రూపాయల తేడా. ఈ రేట్లను కేంద్రం రాష్ట్రాల వారీగా వేర్వేరుగా నిర్ణయిస్తుంది.

వలసలో రెండు ప్రాంతాలూ అన్నదమ్ములే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె పోయి కట్టడాల్లో పనిచేసిన పాలమూరు లేబర్ పేరు దేశమంతటికీ తెలుసు. దేశంలో పెద్ద ఆనకట్టలు ఎన్నో వారి చెమటతో లేచాయి. యాదగిరి, రాయచూరు నుంచి బెంగళూరుకూ హైదరాబాద్‌కూ అదే తీరున పోతారు. జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ప్రాజెక్టుల నీళ్ళు వచ్చాక మన వైపు కొన్ని మండలాల్లో వలస తగ్గిన మాట వాస్తవం. నీరు అందని ఊళ్ళలో దసరా దాటితే ఇప్పటికీ ఇళ్ళకు తాళాలు కనిపిస్తాయి.

ఆడవారికి ఏ రాష్ట్రంలో సౌకర్యం ఎక్కువ?

నెలనెలా చేతికి వచ్చే డబ్బు చూస్తే కర్ణాటకలో. అక్కడ గృహలక్ష్మి కింద ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలు 2023 ఆగస్టు నుంచి ఇస్తున్నారు. ఆదాయపు పన్ను, జీఎస్టీ కట్టే కుటుంబాలకు వర్తించదు. డబ్బు కొన్ని నెలలు ఆగి పడటం అక్కడా ఉంది. తెలంగాణలో మహిళలకు నెలకు 2,500 అన్నది హామీగా ఉంది, 2025 మధ్య నాటికి అమలు మొదలు కాలేదు. ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు మాత్రం ఇటే ఉంది.

బస్సు ఉచితం రెండు చోట్లా ఉంది. కర్ణాటకలో 2023 జూన్ 11న, ఇక్కడ అదే ఏడాది డిసెంబర్ 9న మొదలైంది. ఎవరి రాష్ట్రం ఆడవారికి వారిదే వర్తిస్తుంది, ఆధార్‌లో అడ్రసు చూస్తారు. మక్తల్ నుంచి రాయచూరులో ఉన్న చెల్లెలి ఇంటికి మన ఎక్స్‌ప్రెస్‌లో పోయే అక్కకు రాష్ట్ర సరిహద్దు వరకు టికెట్టు లేదు, వంతెన దాటినప్పటి నుంచి ఉంది. తిరుగు ప్రయాణంలో కర్ణాటక బస్సు ఎక్కితే ఆమెకు మొదటి నుంచీ టికెట్టే.

కాన్పు విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. ఆసుపత్రి ప్రసవాలు రెండు రాష్ట్రాల్లోనూ 97 శాతం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు కర్ణాటకలో 31.5 శాతం ఉండగా తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే అత్యధికం. ప్రసూతి మరణాలు తక్కువగా ఉండటం మన గొప్పే, కానీ పదిమందిలో ఆరుగురికి కోత అవసరమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. ముహూర్తం చూసి కోయించుకునే అలవాటును, ప్రైవేటు ఆసుపత్రుల బిల్లు లెక్కను కలిపి చూస్తే కారణం అర్థమవుతుంది. రక్తహీనత కూడా మనవైపే ఎక్కువ: 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఇక్కడ 57.6 శాతం, అక్కడ 47.8 శాతం. జొన్న రొట్టె తిన్న ఇళ్ళు మూడు పూటలా బియ్యానికి మారడం ఇందులో ఎంతో కొంత పనిచేసిందని నా అనుమానం.

వృద్ధాప్య పింఛను ఎక్కడ ఎక్కువ?

తెలంగాణలో 57 ఏళ్ళు నిండినవారికి నెలకు 2,016 రూపాయలు, ఇంటికి ఒక్కరికే. కర్ణాటకలో 65 దాటినవారికి సంధ్యా సురక్ష కింద 1,200. కేవలం పింఛను చూస్తే ఇటే ఎక్కువ. అయితే అక్కడ రేషన్ కార్డులో యజమానురాలిగా ఉన్న ముసలమ్మకు, అర్హతలు సరిపోతే, గృహలక్ష్మి 2,000 కలిసి 3,200 అవుతుంది. అదే ముసలాయన ఒంటరివాడైతే ఆ 1,200 మాత్రమే. కాబట్టి ఎవరి సంగతి అడుగుతున్నారో చెప్పనిదే జవాబు చెప్పలేము.

తాగునీరు?

ఇందులో తెలంగాణ సాధించినది చిన్నది కాదు, నల్లగొండ వారికి ఆ విలువ బాగా తెలుసు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల బోరు నీళ్ళలో ఫ్లోరైడు తరాల తరబడి ఎముకలను వంచేసింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితేనే ప్రమాదమనుకుంటే, అంతకు ఎన్నో రెట్లున్న నీరు అక్కడి పిల్లలు తాగారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ నల్లగొండ జిల్లా పేరే పెట్టింది. ఆ పేరు ప్రపంచమంతా తిరిగింది, ఊళ్ళలో ఆ పద్ధతి నిలవలేదు. చివరికి జబ్బుకు అడ్డుకట్ట వేసింది నదీ జలమే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో కృష్ణా నీరు ఇంటింటికీ వచ్చింది. ఇప్పటికే వంగిన ఎముకలు తిరిగి నిటారు కావు, కానీ కొత్త పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి.

రాయచూరు జిల్లాలో కృష్ణా, తుంగభద్ర రెండూ పారుతున్నా ఇంటికి కుళాయి నీరు అందడంలో వెనుకబాటు ఉంది. 2022లో రాయచూరు పట్టణంలో కలుషిత నీరు తాగి కొందరు మరణించారు కూడా. అలాగని మనవైపు అంతా సవ్యమని కాదు. పైపు వచ్చిన ప్రతి ఇంటికీ రోజూ నీరు వస్తున్నదా, వచ్చినా తాగుతున్నారా, లేక ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటున్నారా అన్నది ఊరికి వెళ్ళి చూడాలి. చాలా ఊళ్ళలో డబ్బా ఆటో ఇంకా తిరుగుతూనే ఉంది.

వైద్యానికి ఏ వైపు మంచిది?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు దాని పరిమితి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు, కర్ణాటకలో ఆయుష్మాన్ పథకం పరిమితి 5 లక్షలు. వైద్య కళాశాలల్లో గత పదేళ్ళలో మన ప్రాంతం బాగా ముందుకు పోయింది: మహబూబ్‌నగర్ 2016, నల్లగొండ, సూర్యాపేట 2019, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2022, గద్వాల, నారాయణపేట 2024. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. రాయచూరు వారు తమకూ ఎయిమ్స్ కావాలని 2022 నుంచి నిరసన దీక్ష చేస్తున్నారు. కొత్త కళాశాలల్లో డాక్టర్ల కొరత ఉంది కాబట్టి బోర్డు చూసి పెద్ద వైద్యం అందుతుందని అనుకోకూడదు. సరిహద్దు దాటి చూపించుకునేవారు ఆ ఆసుపత్రి మన ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

పిల్లలను రాయచూరులో చదివిస్తే స్థానికత పోతుందా?

కొన్నింటికి పోతుంది, తల్లిదండ్రులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. తెలంగాణలో ఎంబీబీఎస్ స్థానిక కోటాకు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ళూ ఇక్కడే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. దగ్గరని రాయచూరులో రెండేళ్ళ పీయూసీ (అక్కడి ఇంటర్) చదివించిన మక్తల్ పిల్లకు నీట్‌లో మంచి ర్యాంకు వచ్చినా ఈ గడప దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. ఉద్యోగాల లెక్క వేరు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల వరకు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానిక జిల్లా తేలుతుంది, ఆ తరువాత ఎక్కడ చదివినా, పెళ్ళి ఎక్కడ అయినా మారదు.

అవతల రాజ్యాంగంలోని 371-జె అధికరణం ఉంది. 2012లో పార్లమెంటు ఆమోదించిన 98వ సవరణతో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల కల్యాణ కర్ణాటక విద్యాసంస్థల్లో 70 శాతం సీట్లు ఆ ప్రాంతం వారికే దక్కుతాయి, ఉద్యోగాలలోనూ పెద్ద వాటా వారిదే. దానికి అసిస్టెంట్ కమిషనర్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి, ఉద్యోగానికి కన్నడం రావాలి. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా ఇచ్చే మన 371-డి రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది, వారి 371-జె వెనుకబడిన ప్రాంతానికి ప్రత్యేకంగా ఉంది. పాలమూరు అభ్యర్థి హైదరాబాద్ వారితో మల్టీజోన్ పోస్టుకు (చాలా జిల్లాలకు కలిపి ఉండే పోస్టు) పోటీ పడాల్సి వచ్చినప్పుడు ఆ ఏర్పాటు మనకూ ఉంటే బాగుండేదనిపిస్తుంది.

భాష వల్ల ఇబ్బంది ఉంటుందా?

బజారులో ఉండదు. రాయచూరులో తెలుగు చెల్లుతుంది, మన కృష్ణా మండలంలో కన్నడ మాధ్యమం ప్రభుత్వ బడులు ఉన్నాయి. ఆఫీసులో, పోలీసు స్టేషనులో, కోర్టులో, భూమి కాగితాల్లో ఉంటుంది.

ఖర్చులు ఎక్కడ తక్కువ?

పెట్రోలు, డీజిలు అవతల తక్కువ, అమ్మకం పన్నులో తేడా వల్ల లీటరుకు నాలుగైదు రూపాయలు మిగులుతుంది. అందుకే లారీవాళ్ళు ట్యాంకు అటే నింపుతారు. ఇంటి కరెంటు 200 యూనిట్ల వరకు రెండు చోట్లా ఉచితం. ఇక్కడ తెల్ల రేషన్ కార్డు ఉండాలి. అక్కడ కార్డుతో పని లేదు కానీ పాత వాడకం సగటుకు మరో పది శాతం కలిపి అంతవరకే ఇస్తారు. రేషన్‌లో ఇక్కడ 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం వస్తున్నాయి, పాత దొడ్డు బియ్యం అమ్ముకున్నట్టు వీటిని అమ్ముకోవడం లేదు, వండుకుంటున్నారు. అద్దెలు పట్టణాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి కాదు.

పెళ్ళయి అవతలకు వెళ్ళిన అమ్మాయి కార్డులు ఏం చేయాలి?

మొదట ఇక్కడి రేషన్ కార్డులో పేరు తీయించి ఆ పత్రం తీసుకోవాలి, అది లేనిదే అక్కడి కార్డులో చేర్చరు. తరువాత ఆధార్ అడ్రసు మార్పు, ఆపై బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం. ఉచిత బస్సుకు ఆధార్ అడ్రసు మారితే చాలు, గృహలక్ష్మి, వైద్య పథకం వర్తించాలంటే ఈ మూడూ వరుసగా జరగాలి. ఈ నడుమ కాలంలో ఒకే దేశం ఒకే రేషన్ ఏర్పాటు కింద కేంద్రం కోటా బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చు, రాష్ట్రం అదనంగా ఇచ్చేది రాదు. అక్కడి కార్డులో అత్తగారు యజమానురాలిగా ఉంటే గృహలక్ష్మి డబ్బు ఆమె ఖాతాలోకే పోతుంది, కోడలికి వేరుగా రాదు. పుట్టింటి నుంచి ఆమె పేరున భూమి ఉంటే ఆ పాసుబుక్కుకు ఏమీ కాదు, రైతు భరోసా ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఆ ఖాతాను మాత్రం మూయించవద్దు.